అమ్ముకున్న చరిత్ర

ప్రపంచంలోకెల్లా పాత ఫుట్‌బాల్ క్లబ్ ఇవాళ ఇంగ్లండ్‌లో కిందిస్థాయి నాన్-లీగ్ ఆడుతోందంటే మా ఆఫీసులో ప్రీమియర్ లీగ్ అభిమానులు నమ్మరు. నథానియెల్ క్రెస్విక్, విలియం ప్రెస్ట్ 1857లో పెట్టిన షెఫీల్డ్ ఎఫ్‌సి అది. మొదట్లో పోటీకి ఇంకో క్లబ్ లేక పెళ్ళయినవాళ్ళొక జట్టు, కానివాళ్ళొక జట్టుగా తమలో తామే ఆడుకునేవారు. 1860లో హాలమ్ పుట్టాక ప్రత్యర్థి దొరికింది. మనం చూసే కార్నర్ కిక్ షెఫీల్డ్ నియమాల్లోంచి వచ్చిందే.

ఆటలోకి జీతాలొచ్చాయి. వీళ్ళు ఔత్సాహికులుగానే ఉండి వెనకబడ్డారు. 2011లో చేతిరాత నియమాలతో సహా పాత పత్రాలను సోథెబీస్ వేలంలో 8,81,250 పౌండ్లకు అమ్ముకున్నారు. తాతలనాటి దస్తావేజులు అమ్ముకున్నంత పనే. అయినా నేను తప్పుపట్టను. కాగితాలు ఎవరి దగ్గరున్నా చరిత్రే. శనివారం పదకొండుమంది బూట్లు తొడుక్కోకపోతే మాత్రం క్లబ్బే ఉండదు.