తాలూకా కచేరీ ఫైలు, తెగని ఈమెయిలు

పొన్నూరు బాపట్ల తాలూకాలో ఉన్న రోజుల్లో ఆ చుట్టుపక్కల రైతెవరైనా మురుగు కాలువ గురించి అర్జీ పెట్టుకుంటే వ్యవహారం ఒక్క కాగితంతో ముగిసేది కాదు. కరణం రిపోర్టు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణ, పబ్లిక్ వర్క్స్ వారి జవాబు, గుంటూరు కలెక్టరాఫీసు అడిగిన కొర్రీ, నడుమ రెండు మూడు రిమైండర్లు. 1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాలో నీరూ మురుగూ శిస్తూ ఒకదానికొకటి ముడిపడ్డాయి కాబట్టి ఒక ఊరి తగాదా మూడు శాఖల దాకా పోయేది. యాభై జవాబుల ఈమెయిలు తెరిచి ‘ఇంతకీ ఏం తేల్చారు?’ అని వెతుక్కునే మనిషి అవస్థే ఆ కచేరీ గుమాస్తాదీ. దానికి మద్రాసు ప్రెసిడెన్సీ కచేరీలు కనిపెట్టిన విరుగుడు ఇవాళ్టి మెయిల్ ప్రోగ్రాముల ఏర్పాటు కంటే మెరుగని నా వాదన.

ఆ విరుగుడుకు టాటెన్‌హామ్ అనే ఐసీఎస్ అధికారి పేరు మిగిలింది. టాటెన్‌హామ్ పద్ధతిలో వచ్చిన తపాలుకు కరెంటు నంబరు పడుతుంది, సంబంధిత గుమాస్తా పర్సనల్ రిజిస్టరులోకి ఎక్కుతుంది. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ కరెంట్ ఫైలులో, వాటి మీద ఆలోచన నోట్ ఫైలులో, విడివిడిగా. ఇంజనీరు జవాబు ఫలానా పేజీలో ఉందని గుమాస్తా నోట్ మార్జిన్‌లో వేస్తాడు, ఆ పేజీకి ఫ్లాగు గుచ్చుతాడు. తహసీల్దారు ముందు నోట్ చదువుతాడు. అనుమానం వస్తేనే ఫ్లాగు తిప్పుతాడు. వ్యవహారం తెగాక ముగింపు గుర్తు కూడా ఉంది: ఆర్.డిస్. అయితే శాశ్వతంగా దాచాలి, ఎల్.డిస్. అయితే ఏడాది తర్వాత చించెయ్యొచ్చు.

ఈమెయిల్ ఇందులో సగమే చేసింది. ఏ జవాబు దేనికో చెప్పే గుర్తులకు 1982 నాటి ప్రమాణంలోనే చోటుంది. 2004లో వచ్చిన జీమెయిల్ జవాబులన్నిటినీ ఒకే సంభాషణగా పేర్చి చూపింది. అది నచ్చనివాళ్ల కోసం 2010లో ఆ పేర్పును ఆపుకునే వీలూ ఇచ్చింది. పేర్చినా, విడదీసినా చూపేది కరెంట్ ఫైలునే. అదీ ప్రతి జవాబు కింద పాత ఉత్తరాలన్నీ మళ్లీ మళ్లీ అతికించిన ఫైలు. నోట్ ఫైలుకు అందులో చోటే లేదు.

నోట్ రాసేవాడు తన మాట చొప్పించడా అనొచ్చు. చొప్పిస్తాడు, కచేరీల సంగతి ఎరిగినవాళ్లకు అది కొత్త కాదు. అయితే కింద అసలు కాగితం, పక్కన పేజీ నంబరు ఉన్నాయి కాబట్టి ఆ మాటను నిలదీయొచ్చు. ఏళ్లతరబడి ఫైళ్లు కదలలేదన్న మాటా నిజమే. కానీ ఆ పాపం కాగితాల పేర్పుది కాదు, సంతకం పెట్టాల్సిన చేతిది. ఇన్ని కాగితాలెందుకు, సంగతి తెలిసిన అనుభవజ్ఞుడు ఒకడుంటే చాలదా అనేవాళ్లకు 1922 గుర్తుచేయాలి. పొన్నూరుకు దగ్గర్లోని పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పన్నుల నిరాకరణ సాగినప్పుడు గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు. ఊరి లెక్కలు ఎరిగినవాళ్లే తప్పుకునేసరికి శిస్తు వసూలు యంత్రాంగం చిక్కుల్లో పడింది. అక్కడ అది ఉద్యమానికి పనికొచ్చింది, సరే; మనుషుల మీదే ఆధారపడిన లెక్క ఎంత సులువుగా ఆగుతుందో కూడా అప్పుడే తెలిసింది.

గట్టి అభ్యంతరం వేరే ఉంది. ఫైలు ఒకేసారి ఒకరి బల్ల మీదే ఉంటుంది. ఈమెయిలుకు ఐదుగురు ఒకే గంటలో ఐదు దారుల్లో జవాబిస్తారు. అందరిదీ సమాన హోదా అయినచోట నోట్ ఎవరు పుటప్ చేయాలి? దీనికి కచేరీ పద్ధతిలో పూర్తి జవాబు లేదు. కానీ ప్రభుత్వ కార్యాలయాల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన ఇ-ఆఫీసు తెర మీద ఇప్పటికీ ఎడమ వైపు ఆకుపచ్చ నోట్ షీటు, కుడి వైపు ఉత్తరాలు ఉంటాయి. మెయిల్ ప్రోగ్రాము ఆ ఎడమ వైపును తెచ్చుకుని, సంభాషణ మొదలుపెట్టినవారికి దాని బాధ్యత అప్పగించి, మార్జిన్‌లో ఏ జవాబు ఆధారమో చూపిస్తే ఐదు దారుల జవాబులూ ఒకచోట తేలతాయి. ఇక ఎల్.డిస్. గుర్తు ఒక్కటి పెట్టినా సగం ఇన్‌బాక్సు ఖాళీ అవుతుంది.