జుల్ఫా నుండి ఉప్పుగూడకు: ఆర్మేనియన్ సమాధి శిలల సాక్ష్యం

తెలుగు సంఘ చరిత్రను మనం సాధారణంగా మిషనరీల రాకతో ఆరంభిస్తాము. 1805లో విశాఖపట్నంలో లండన్ మిషన్, 1841లో మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీ, 1842లో గుంటూరులో హేయర్ అయ్యగారి పరిచర్య మనకు సుపరిచితమైన తేదీలు. అయితే హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండకు సమీపాన గల ఉప్పుగూడలో, ఆర్మేనియన్ లిపి చెక్కిన 17వ శతాబ్దపు క్రైస్తవ సమాధులున్నాయి. ఆ క్రైస్తవులెవరు? మన సంఘ చరిత్రలో వారికి చోటున్నదా? ఈ ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశము.

సంప్రదాయం ప్రకారం క్రీ.శ. 301లో, గ్రెగొరీ బోధ వలన ఆర్మేనియా రాజు క్రీస్తును అంగీకరించాడు. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ ఆ భాషకు లిపిని సమకూర్చగా బైబిలు అనువాదమైంది. ఆ ప్రజలకు చెందిన జుల్ఫా, కొండల నడుమ అరాస్ నది ఒడ్డున, పట్టు వర్తకంతో వర్ధిల్లిన ఊరు. ఒట్టోమన్ తురుష్కులతో యుద్ధం జరుగుతుండగా 1604లో పారశీక చక్రవర్తి షా అబ్బాసు ఆ ఊరివారిని బలవంతంగా తరలించాడు. వారు తిరిగి రాకుండా ఊరిని ధ్వంసం చేయించి, ఇస్ఫహాను ప్రక్కన ‘కొత్త జుల్ఫా’లో స్థిరపరచాడు.

భారతదేశానికి వచ్చిన ఆర్మేనియన్ వర్తకులలో అధికులు ఈ కొత్త జుల్ఫా వారే. పెట్టుబడి పెట్టిన షావుకారు ఇంటిపట్టున ఉండగా, అతని ప్రతినిధి సరకుతో ఏండ్ల తరబడి దేశాలు తిరిగి లాభంలో వాటా పొందేవాడు. గోల్కొండ వజ్రాలు, మచిలీపట్నం రేవు నుండి ఎగుమతయ్యే అద్దకపు బట్టలు వారిని ఈ ప్రాంతానికి ఆకర్షించాయి. ఇల్లు చేరకుండానే కన్నుమూసిన వారికి ఈ నేలే విశ్రాంతి స్థలమయింది.

వీరు సువార్త ప్రకటించడానికి వచ్చినవారు కారు. తెలుగు సంఘాన్ని స్థాపించలేదు. కనుక వీరిని మన సంఘ స్థాపకులనడం సరికాదు. అయినను ఆదికాండము 23వ అధ్యాయంలో అబ్రాహాము పరదేశిగా ఉండి శారా నిమిత్తం సమాధి స్థలాన్ని సంపాదించుకొన్న సంగతిని ఈ సందర్భంలో స్మరించాలి. ముస్లిం ప్రభువుల రాజధానిలో ప్రాచ్య సంఘపు విశ్వాసులు తమ భాషలో, తమ విశ్వాసంలో సమాధి చేయబడ్డారు. క్రైస్తవ్యం ఇక్కడికి ఐరోపావారి ద్వారా మాత్రమే వచ్చిందన్న అభిప్రాయాన్ని ఈ శిలలు సవరిస్తున్నవి.

1687లో గోల్కొండ మొగలుల వశమయింది. తరువాతి శతాబ్దంలో ఆర్మేనియన్లకు మద్రాసు ముఖ్య కేంద్రమయింది. అక్కడ 1772లో వారి దేవాలయం నిర్మించబడింది. 1794లో హరుత్యూన్ ష్మవోన్యన్ అనే గురువు ‘అజ్దరార్’ను ప్రచురించాడు. ప్రపంచంలో ఆర్మేనియన్ భాషలో వెలువడిన మొదటి పత్రిక అదే.

పాత జుల్ఫా మాటేమి? అక్కడి సమాధుల తోటలో సిలువలు చెక్కిన ‘ఖచ్‌కార్’ శిలలు వేల సంఖ్యలో ఉండేవి. 1998 నుండి 2005 వరకు అజర్‌బైజాన్ పాలనలో అవి విడతలుగా నాశనం చేయబడ్డాయి. 2005 డిసెంబరులో సైనికులు వాటిని పగులగొట్టుచుండగా నది అవతల ఇరాన్ వైపు నుండి చిత్రీకరించారు. అజర్‌బైజాన్ ప్రభుత్వం మాత్రం దీనిని నిరాకరించింది. 2010లో యునెస్కో ఖచ్‌కార్ శిల్పకళను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చేనాటికి జుల్ఫా శిలలు లేవు.

తల్లి ఊరి సమాధులు పోయిన తరువాత, దూరదేశాలలో మిగిలినవి మరింత విలువైనవి. వీటిని కాపాడే బాధ్యత ఆ జాతివారు లేని ఈ నగరంలో ఎవరిది? పొరుగున ఉన్న సంఘాలదే. యొర్దాను దాటినప్పుడు యెహోషువ నిలిపిన రాళ్లు పిల్లలు అడిగి తెలిసికొనడానికే. సంఘ చరిత్ర విద్యార్థులు ఉప్పుగూడకు వెళ్లి, ఆ లిపి తెలిసినవారి సహాయంతో ప్రతి శాసనాన్ని ఫొటోతో సహా నమోదు చేయాలి. మన పిల్లలు అడిగే నాటికి శిలలూ ఉండాలి, చెప్పగలిగినవారూ ఉండాలి.