నేల ఉసిరి పసరు వైద్యం

పచ్చకామెర్లకు నేల ఉసిరి ఆకు నూరి, పసరును మజ్జిగలోనో పాలలోనో ఇచ్చే నాటువైద్యం. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల, కొల్లేరు లంకల్లో వానాకాలం గట్ల మీద మొలిచే మొక్క ఇది. రెమ్మ అడుగున వరసగా వేలాడే చిన్న కాయలే గుర్తు. ఉప్పు, నూనె లేని చప్పిడి పథ్యం దీనికి జత.

1988లో మద్రాసు పరిశోధకుడు త్యాగరాజన్, నోబెల్ గ్రహీత బ్లూంబర్గ్ బృందం 'లాన్సెట్'లో ఒక పరీక్ష ప్రచురించింది. హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో ఉన్నవారిలో ఈ మొక్క పొడి వాడిన 37 మందిలో 22 మందికి వైరస్ ఉపరితల యాంటిజెన్ కనపడకుండా పోయింది. ఉత్తుత్తి మందు మింగిన 23 మందిలో ఒక్కరికే. ఆశ పెద్దదే, కానీ తర్వాతి పరీక్షల్లో నిలవలేదు. వైద్య పరీక్షలను కలిపి బేరీజు వేసే 2011 కోక్రేన్ సమీక్షకూ నమ్మదగ్గ ఆధారం దొరకలేదు.

మరి పసరుకు అంత పేరెందుకు? కలుషిత నీటితో వచ్చి కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకు దక్కుతుంది. పిత్తనాళంలో అడ్డుపడి కామెర్లు తెచ్చిన రాయిని మాత్రం పసరు తీయలేదు. గర్భిణికి హెపటైటిస్-ఇ ప్రాణాంతకం కావచ్చు. కామెర్లకని మణికట్టు మీద వాతలు పెట్టడం, కంట్లో పసరు పోయడం మరీ ప్రమాదం.

ముందు బిలిరుబిన్ పరీక్ష చేయించుకుని, పసరు సంగతి దాచకుండా చెప్పే రోగిని డాక్టరు కసురుకోనక్కర్లేదు. మగత కమ్మినా, రక్తం కారడం ఆగకపోయినా పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే.