లెక్క మన జిల్లాలోనే తేలాలి

పల్లెల్లో ఆరోగ్యం లెక్క మొదట గ్రామ మునసబు చేతిలో ఉండేది. మద్రాసు రాష్ట్ర కాలంలో పుట్టుకలనూ చావులనూ ఆయనే రిజిస్టరులో రాసేవాడు. మన పల్నాడులోని గురజాల, మాచర్ల పల్లెల అంకెలు కూడా అలాగే తాలూకాకీ జిల్లాకీ, ఆ పైన మద్రాసుకీ చేరేవి. అంకె పుట్టేది ఊళ్ళో, దాని అర్థం తేలేది మరెక్కడో. ఆ దూరం చాలాకాలం తగ్గలేదు.

1937లో రెండు మేలిమలుపులు వచ్చాయి. ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్ళతో పళ్ళకూ ఎముకలకూ వచ్చే జబ్బు) ఉందని పరిశోధకులు షార్ట్, పండిట్, రాఘవాచారి ప్రకటించారు. దేశంలో ఈ వ్యాధిని గుర్తించిన తొలి నివేదికల్లో అదొకటి. అదే ఏడాది లండన్‌లో గణాంకవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్ వైద్యుల కోసం గణాంక పాఠాలు ప్రచురించారు. 1950లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ చుట్టుపక్కల ఊళ్ళలో బీసీజీ టీకా పరిశీలన మొదలుపెట్టారు. కొందరికి టీకా వేసి, కొందరికి వేయకుండా, ఏళ్ళ తరబడి పోల్చారు. తెలుగు నేల మీద ఇంత పెద్ద ఎత్తున పోలిక పెట్టి చూడడం అరుదు.

పోషకాహార పరిశోధనశాల 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చింది. 1972లో దాని ఆధ్వర్యంలో జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం ఏర్పడి, ఇంటింటి తిండి లెక్కలు సేకరించింది. 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్గొండ జిల్లాలో పిల్లల మోకాళ్ళు వంకర తిరగడం గురించి లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. నాగార్జునసాగర్ నిండాక భూగర్భ జలాల్లో వచ్చిన మార్పుతో దీనికి సంబంధం ఉండొచ్చన్న ప్రతిపాదన వచ్చింది. ఆ జలాశయానికి ఇవతలి గట్టు మాచర్ల వైపే.

ఇన్ని పరిశోధనల్లో డిగ్రీ విద్యార్థికి చోటెక్కడ? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు, కలకత్తాలో తొలి స్టాటిస్టిక్స్ ఎం.ఏ. బ్యాచ్‌లో చేరి, 25 ఏళ్ళకే 1945లో ప్రపంచం గుర్తుంచుకునే పత్రం రాశారు. అంతటి ప్రతిభకైనా కలకత్తా వెళ్ళక తప్పలేదు. తరవాత మన బీఎస్సీలో గణితం, కంప్యూటర్ల సరసన స్టాటిస్టిక్స్ చేరింది కానీ, పాఠం ఎక్కువగా నాణేల, పాచికల దగ్గరే తిరిగింది. ఎంబీబీఎస్‌లో బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంక శాస్త్రం) కమ్యూనిటీ మెడిసిన్‌లో కొన్ని అధ్యాయాలకే పరిమితమైంది. అమెరికా ప్రభుత్వం 2004 నుంచే డిగ్రీ విద్యార్థులకు బయోస్టాటిస్టిక్స్ వేసవి శిక్షణ నడిపింది. మన రాష్ట్రంలో 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టుతో ఆనర్స్ డిగ్రీ వచ్చింది. డేటా సైన్స్ కూడా కాలేజీల్లోకి చేరింది. 2016లో నరసరావుపేటలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ, 2022లో పల్నాడు జిల్లా వచ్చాయి.

ఇక కావలసింది మన ప్రశ్న. వినుకొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ళనే తీసుకుందాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాణం మీరినట్టు. విద్యార్థి బోరు నీళ్ళు పరీక్షించి, పళ్ళ మచ్చలను డీన్ సూచికలో గ్రేడు కట్టి, పట్టిక వేస్తాడు. అయితే పంటి ఎనామిల్ ఏర్పడేది దాదాపు ఎనిమిదేళ్ళ లోపే. "ఇప్పుడు ఏ నీళ్ళు తాగుతున్నారు?" అనడిగితే, ఇరవయ్యేళ్ళ యువకుడి విషయంలో ప్రశ్నే తప్పు. చిన్నప్పుడు ఎక్కడ పెరిగాడో, ఏ బావి నీళ్ళో అడగాలి. కోడలిగా వచ్చినామె పళ్ళు పుట్టింటి నీళ్ళ సంగతి చెబుతాయి. ఈ వివేకం సాఫ్ట్‌వేరు నేర్పదు. ఊరు తెలిసిన విద్యార్థికి, సరైన గురువు దగ్గర, పట్టికతో పాటు అబ్బుతుంది.

అందుకే డిగ్రీ మూడో ఏడాదిలో ప్రతి విద్యార్థీ తన మండలంలోని ఒక ఆరోగ్య ప్రశ్నను, పేర్లు తొలగించిన సమాచారంతో, మొదటి నుంచి చివరి దాకా తేల్చాలి. ఫలితాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ గ్రామసభలోనూ వివరించాలి. ఇన్నాళ్ళూ అంకెలిచ్చిన ఊళ్ళకు వాటి అర్థం తెలుసుకునే హక్కుంది. ఆ హక్కును నిజం చేయగలిగేది మన డిగ్రీ తరగతి గదే.