స్టేట్‌మెంట్‌లో ఆ కోత ఎక్కడ పుట్టింది?

ఒక బట్టల కొట్లో క్రెడిట్ కార్డు మీద పదివేల బేరం జరిగిందనుకుందాం. మర్నాడు యజమాని కరెంట్ అకౌంట్‌లో పడేది 9,764 రూపాయలు. కమీషన్ రెండు శాతమైతే 200, దాని మీద 18 శాతం జీఎస్టీ 36. లెక్క సరిపోయింది. కానీ ఆ రెండు వందలు ఎవరెవరికి చేరాయో స్టేట్‌మెంట్ చెప్పదు. మెషిన్ ఇచ్చిన తన బ్యాంకే అంతా తీసుకుందని యజమాని అనుకుంటాడు. నిజానికి అందులో పెద్ద వాటా ఆయన ఎన్నడూ గడప తొక్కని మరో బ్యాంకుకు, అంటే కొన్నవాళ్లకు కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్తుంది. ఈ ఏర్పాటు అమెరికాలో మొదలైంది.

1950లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మెక్‌నమారా, రాల్ఫ్ ష్నైడర్ డైనర్స్ క్లబ్ పెట్టారు. భోజనం చేసినవాళ్లు కార్డు చూపించి వెళ్లిపోతారు. హోటల్‌కు క్లబ్బే డబ్బు కట్టి, బిల్లులో 7 శాతం తన దగ్గర ఉంచుకుంటుంది. అమ్మినవాడి దగ్గర శాతం పట్టుకోవడమన్న పద్ధతి అలా నిలబడింది.

దాన్ని మామూలు దుకాణాల్లోకి తెచ్చింది బ్యాంక్ ఆఫ్ అమెరికా. 1958 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ఊళ్లో, ఎవరూ అడగకుండానే, 60 వేల కార్డులు పోస్టులో పంపింది. పెద్ద స్టోర్లకు సొంత అప్పుల విభాగాలుండేవి, వాటికి ఈ కార్డు అక్కర్లేదు. చిన్న కొట్లవాళ్లకే కావలసివచ్చింది. అరువులు రాసుకోవడం, నెలాఖరున బిల్లులు పంపడం, ఎగ్గొట్టినవాళ్ల వెంట తిరగడం వాళ్లకు తలకు మించిన పని. ఆ ఖాతా పుస్తకాన్ని బ్యాంకు నెత్తిన పెట్టుకుంది, బదులుగా కమీషన్ అడిగింది. ఆ బరువు నిజంగా పెద్దదే. నాలుగు శాతం మంది గడువుకు బాకీ కట్టరనుకుంటే, 22 శాతం మంది కట్టలేదు. అందుకే ఆ రోజుల్లో ఈ కమీషన్ న్యాయమైనదనే నా అభిప్రాయం. అరువు తాలూకు భయం కొట్టు నుంచి బ్యాంకుకు మారింది, దానికి ధర ఉంటుంది.

అప్పటికి కార్డు ఇచ్చిందీ, కొట్టుకు డబ్బు కట్టిందీ ఒకే బ్యాంకు. చిక్కు 1966లో వచ్చింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా తన కార్డును ఇతర రాష్ట్రాల బ్యాంకులకూ లైసెన్సు ఇచ్చింది. ఒక రాష్ట్రపు కార్డు ఇంకో రాష్ట్రంలో గీకితే మధ్యలో రెండు బ్యాంకులు. కొట్టు దగ్గర కమీషన్ పట్టుకునేది ఒకటి, అప్పు మోసేది మరొకటి. కొట్టు బ్యాంకు తాను పట్టుకున్న శాతాన్ని కార్డు బ్యాంకుకు అప్పగించాలన్నది నియమం. అలాగైతే కొట్టు బ్యాంకుకు మిగిలేదేమిటి? ఎంత పట్టుకుందో పక్క బ్యాంకుకు ఎలా తెలుస్తుంది? తగాదాలు పెరిగాయి, కాగితపు చీటీలు గుట్టలు పడ్డాయి.

సియాటిల్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి డీ హాక్ ఈ రభసను సరిదిద్దే పనికి పూనుకున్నాడు. 1970లో బ్యాంకులన్నీ కలిసి ఒక సంస్థ పెట్టుకున్నాయి. 1976లో దానికి వీసా అని పేరు మారింది. కొట్టు దగ్గర ఎంత పట్టుకున్నా సరే, కార్డు బ్యాంకుకు ఇంత చెల్లించాలని అందరికీ ఒకే రేటు పెట్టారు. దాన్నే ఇంటర్‌చేంజ్ అంటారు. కార్డు మీద కనిపించే కంపెనీకి ఒక చిన్న రుసుము, కొట్టు బ్యాంకుకు దాని మిగులు, వెరసి మూడు ముక్కలు. వ్యాపారి బేరమాడగలిగేది ఈ మూడో ముక్క మీదే. ఈ సంగతి ఆయనకు ముందే చెప్పేవాళ్లు తక్కువ, అదే నాకు బాధ.

మన దగ్గరకు కార్డు తెచ్చిన తొలి బ్యాంకుల్లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు ఒకటి, 1981లో. ఇక్కడ ఈ కమీషన్‌ను ఎండీఆర్ అంటారు. డెబిట్ కార్డులకు రిజర్వు బ్యాంకు 2012లో పరిమితి పెట్టింది. 2018 నుంచి ఏడాది టర్నోవరు 20 లక్షల లోపు ఉన్న వ్యాపారులకు అది 0.40 శాతం మించకూడదు, ఒక్కో బిల్లుకు 200 రూపాయలు దాటకూడదు. 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డుకూ యూపీఐకీ అసలు ఎండీఆరే లేదు. క్రెడిట్ కార్డుకు మాత్రం అలాంటి పరిమితి లేదు. అందుకే క్యూఆర్ స్కాన్ చేసిన బేరంలోనూ ఒక్కోసారి కోత పడుతుంది. కొన్నవాళ్లు యూపీఐకి రూపే క్రెడిట్ కార్డు తగిలించి ఉంటారు.

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో నికరం మాత్రమే వస్తుంది కాబట్టి, మెషిన్ ఇచ్చినవాళ్ల నుంచి సెటిల్‌మెంట్ రిపోర్టు అడిగి తీసుకోవాలి. డెబిట్, క్రెడిట్ అమ్మకాలు విడిగా కూడి, ఒక్కోదానికి శాతం కట్టి చూడాలి. మెషిన్ అద్దె వేరే పద్దు. కొన్నవాళ్లు ఫిర్యాదు చేస్తే వెనక్కి తీసుకున్న సొమ్ము చార్జ్‌బ్యాక్, అది రుసుము కాదు, దానికి గడువులోపల బిల్లు చూపించి జవాబివ్వాలి. రూపే డెబిట్ మీద ఎండీఆర్ కనిపిస్తే ఆ వరుస కింద గీత గీసి, తిరిగి జమ చేయమని రాతపూర్వకంగా అడగాలి.