ఆపినానా?

తెల్లవారుజాము నాలుగున్నర. కురబలకోట ఇంకా నిద్రలోనే ఉంది. మీరు వంటింట్లో స్టవ్ ముందు నిలబడి ఉన్నారు. వేళ్ళు రెగ్యులేటర్ మీద ఉన్నాయి. అది ఆపేసే ఉంది. చూశారు, ముట్టుకున్నారు, బిగువు కూడా సరిచూసుకున్నారు. బయట ఆటో దడదడమంటోంది. నిన్న సాయంత్రం కోసిన టమోటా బాక్సులు వెనకాల ఎక్కించేశారు.

"రాక్కా! పొద్దు పోతాంది. మండీలో జాగా దొరకదు."

"వస్తాండా" అంటూ గడప దాటతారు. ఒక కాలు చెప్పులో పెడతారు. సరిగ్గా అప్పుడే వస్తుంది ఆ ప్రశ్న. ఆపినానా?

ఇప్పుడే కదా చూసింది! కానీ ఆ చూసింది ఈరోజుదా, నిన్నటిదా? కళ్ళు మూసుకుంటే నాబ్ కనిపిస్తుంది, ఏ వైపు తిరిగి ఉందో మాత్రం తెలియదు. నడవలో మీ అత్త పడుకుని ఉంది. ఆమె పక్కన చిన్నోడు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. చిన్నోడి నాయన కువైట్‌లో ఉన్నాడు. ఏదైనా జరిగితే ఆ తప్పు ఎవరిది?

లోపలికి పోతారు. వంగి వాసన చూస్తారు. వంటగ్యాస్‌కు సొంత వాసన ఉండదు. లీకైతే తెలియాలని ఘాటైన మెర్‌కాప్టాన్ కలుపుతారు. ఆ ఘాటు లేదు. లేదనుకోగానే, జలుబు చేసి నా ముక్కుకే తెలియడం లేదేమో అనిపిస్తుంది. నాబ్ తిప్పుతారు. మూస్తారు. తిప్పినప్పుడు తెరుచుకుందా? చూస్తారు. మూసే ఉంది. మళ్ళీ చూస్తారు. హారన్. చెమట. చూస్తారు. హారన్. చూస్తారు.

ఆటో అంగళ్లు దాటుతోంది. బాక్సుల పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. చల్లగాలి మొహానికి కొడుతోంది, మీరు మాత్రం ఇంకా వంటింట్లోనే ఉన్నారు. ఫోన్ తీస్తారు.

"అత్తా, గ్యాస్ చూడు."

"చూస్తినమ్మే. ఆపే ఉండాది."

గుండె కుదుటపడుతుంది. మదనపల్లె మార్కెట్ గేటు వచ్చేసరికి మళ్ళీ మొదలు. అత్త నిజంగా లేచి చూసిందా, పడుకునే చెప్పిందా?

వేలం మీ బాక్సుల దాకా వచ్చింది. పాడేవాడు ఒక్కో అంకె పెంచుతున్నాడు. చుట్టూ వ్యాపారులు, హమాలీలు, లారీల హారన్లు. మీరు కాయల వైపే చూస్తున్నారు. మీకు కనిపిస్తున్నది నీలం మంట. మాట ఖాయమైపోయింది. చీటీ చేతికొచ్చింది. ఎంతకు పోయిందో మీరు వినలేదు. 2023 జూలైలో కిలో వంద దాటి పలికిన సరుకు ఇది. పది రూపాయల తేడా కూడా ఇంటికి లెక్కే. ఇక్కడ చెవి ఎంత ముఖ్యమో మీకు తెలుసు. ఆ చెవే ఇప్పుడు మీ చేతిలో లేదు.

మతిమరుపు వచ్చిందా అని భయపడతారు. కానీ పోయిన కార్తెలో ఏ మందు ఎన్ని ట్యాంకులు కొట్టారో తేదీతో సహా చెప్పగలరు. కువైట్ నుంచి ఏ నెల ఎంత డబ్బు వచ్చిందో కాగితం చూడకుండా చెప్పగలరు. అన్నీ గుర్తుండి, ఒక్క నాబ్ మాత్రం ఎందుకు గుర్తుండదు?

ఆ ప్రశ్నతోనే బెంగళూరు బస్సెక్కారు. అక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఓసీడీకి, అంటే వద్దన్నా వచ్చే అనుమానంతో చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బుకు, ప్రత్యేకంగా క్లినిక్ ఉంది. సైకాలజిస్టు ఒక చిక్కు బొమ్మ ముందు పెట్టి, చూసి గీయమంటుంది. మీరు మూలనున్న చిన్న గీతతో మొదలుపెడతారు. అది వంకర పోయిందేమోనని చెరిపి మళ్ళీ గీస్తారు. కాసేపటికి బొమ్మ తీసేసి, గుర్తున్నంత గీయమంటుంది. చిన్న గీతలు వస్తాయి. వాటిని కలిపి పట్టుకునే పెద్ద చట్రం రాదు. మరిచిపోయారని కాదు, దాన్ని మొదట్లోనే మనసులోకి తీసుకోలేదు. ఈ జబ్బున్న చాలామందికి ఇలాగే జరుగుతుంది.

మరి నాబ్ సంగతి? 2003లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ డెన్ హౌట్, కింట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏ జబ్బూ లేనివాళ్ళను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. తెర మీద గ్యాస్ స్టవ్. వెలిగించు, ఆపు, సరిచూడు. ఇలా ఇరవై సార్లు. చివరిసారి ఏ బర్నర్లు చూశావని అడిగితే జవాబులు సరిగ్గానే ఉన్నాయి. కానీ జ్ఞాపకం మసకబారింది, దాని మీద నమ్మకం సడలింది. జబ్బు లేనివాళ్ళకే ఇరవై సార్లతో అలా అయితే, ఏళ్ళ తరబడి చూస్తున్న మీ సంగతేమిటి? అనుమానం వచ్చి చూస్తున్నారనుకున్నారు మీరు. చూడటమే అనుమానాన్ని పెంచుతోంది. ఈ మాట మీకు పదేళ్ళ ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. వందలో ఒకరికో ఇద్దరికో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే జబ్బు ఇది. అయినా ఊళ్ళో దీన్ని చాదస్తం అని వదిలేస్తారు.

డాక్టరు ఫ్లుఆక్సెటిన్ రాశారు. గుణం తెలియడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు, మధ్యలో మానొద్దన్నారు. సైకాలజిస్టు ఇచ్చింది మాత్రం మందు కాదు, పని. ఒక్కసారే ఆపాలి. చూడకూడదు. ఎవరినీ అడగకూడదు. ఆందోళన దానంతటది తగ్గేదాకా ఓర్చుకోవాలి. అనుమానం పూర్తిగా పోయాకే కదులుతానంటే కుదరదు, దాన్ని వెంటబెట్టుకునే కదలాలి. ఇంట్లోవాళ్ళకు కూడా ఆమె ఒక మాట చెప్పింది.

ఈ రాత్రి మొదటిసారి. గిన్నెలు కడిగారు. రెగ్యులేటర్ ఆపారు. ఒక్కసారే. చెయ్యి తీశారు. లైటు ఆర్పారు.

పడుకున్నారు.

ఆపినానా?

గుండె దడ. గొంతులో తడి లేదు. వంటిల్లు నాలుగడుగుల దూరం. లేవొచ్చు. ఒక్కసారి. ఒక్కటే. ఎవరూ చూడరు. కాళ్ళు దుప్పటి తన్నేశాయి. చిన్నోడు కదిలాడు. గాలి వాసనా? గ్యాసా? లేవాలి. లేవకూడదు. లేవాలి.

"అత్తా..."

"ఏమ్మే?"

"గ్యాస్ ఆపినానా?"

ఆమె కాసేపు మాట్లాడలేదు. ఇన్నేళ్ళూ ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు లేచి చూసొచ్చిన మనిషి.

"చెప్పొద్దనింది డాక్టరమ్మ. నేను చెప్పను. నువ్వూ లేచేది లేదు. ఇట్లరా, నా పక్కన పడుకో."

చిన్నోడిని అటు జరిపి, మీకు చోటు చేసింది.