వనచరుల నొప్పిమందు

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట మన కృష్ణాసీమ వరిపొలముల నిలయమయ్యెను. బురదలో నిలిచి నాట్లు వేయువారికి కీళ్లనొప్పులు తప్పవు గదా! కాలువగట్టున తనంతట పెరుగు వావిలియాకు ఆ నొప్పులకు మందని మన మెల్లర మెఱుగుదుము. దానిని మనకు నేర్పినవా రెవరు?

నా చిన్ననాట మా నాయనమ్మకు మోకాళ్లు వాచి నడువలేకుండెను. చేలలో ఎలుకలు పట్టు యానాది వృద్ధుడొకడు వావిలాకు తెచ్చి, ఆముదముతో వెచ్చజేసి కట్టించెను. ఆ యాకు కాచిన నీట స్నానము చేయుమనెను. కొన్ని దినములకు ఆమె గుడికి నడచిపోయెను. ఆ నెలలోనే మా పెరటి కొబ్బరికాయలు పోయినవి. అందఱు మొదట ఆ వృద్ధునే అనుమానించిరి. దొంగ వేఱొకడని తేలిన తరువాత కూడ, పొరబడితిమని అతనితో అన్నవారు లేరు.

ఈ అన్యాయమునకు చరిత్ర కలదు. ఓషధుల పేర్లును రూపములును మేకల కాపరులు, గొఱ్ఱెల కాపరులు, గోపాలురు, వనవాసులు ఎఱుగుదురని చరకసంహిత చెప్పుచున్నది. వేటకాండ్రను, మూలికలు త్రవ్వువారిని అడిగి తెలిసికొనుమని సుశ్రుతుని మతము. శాస్త్రకారులకు వారు గురువులు. పిమ్మటి ప్రభుత్వమునకో, వారు నేరస్థులు! 1871 నాటి నేరస్థజాతుల చట్టము 1911లో సవరింపబడి చెన్నరాజధానికిని వర్తించెను. ఎఱుకలవారును, యానాదులలో కొందఱును ఆ పట్టీ కెక్కిరి. పుట్టుకయే నేరమయ్యెను. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను. మన మనస్సులలోని చట్టము మాత్రము అంత త్వరగా రద్దుకాలేదు.

వావిలాకు సారము జంతువులలో నొప్పిని, వాపును తగ్గించుచున్నట్లు నేటి ప్రయోగములును తెలుపుచున్నవి. అట్లని అడవిలోని ప్రతి మందును చొరవగా వాడరాదు. నొప్పులకు వాడు ముష్టిగింజ ఘోరవిషము. శుద్ధి యెఱుగక సేవించిన ప్రాణహాని. పేరు, రూపము తెలిసినంత చాలదు, ప్రయోగము తెలియవలెనని చరకుడే హెచ్చరించెను. వాపుతో జ్వరమున్నచో ఆలసింపక వైద్యుని చూడవలెను.

పెద్దలారా! మీ గ్రామములలో ఇట్టి మందు లెఱిగినవా రున్నచో, వాటిని వ్రాసియుంచుడు. ఆకు పేరు వ్రాసినచోట, అంగీకారము గైకొని, నేర్పినవారి పేరును వ్రాయుడు. మా నాయనమ్మను నడిపించిన ఆ వృద్ధుని పేరేమో మా యింట నెవ్వరును అడుగలేదు. ఆ ఋణము నేటికిని తీరలేదు.